ఈడూ జోడూ చూసే కళ్లు

పెళ్లిచూపులు సర్కారువారే ఏర్పాటు చేసిన చోటు మన దేశంలో ఒకటుండేది. 1858 మార్చిలో పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస మొదలైంది. మగ ఖైదీలు వేలల్లో ఉంటే ఆడ ఖైదీలు వందల్లో ఉండేవారు. ఆ దీవుల్లో ఊళ్లు నిలవాలంటే సంసారాలు కావాలని దొరలకు తోచింది. సౌత్ పాయింట్‌లో ఆడవాళ్ల జైలు ఉండేది. కొన్నేళ్లు శిక్ష అనుభవించి, నడవడి మంచిదే అనిపించుకున్న ఆడవాళ్లను అక్కడ వరసగా నిలబెట్టేవారు. సొంతంగా సేద్యం చేసుకుని బతకమని టికెట్ పొందిన మగ ఖైదీ వచ్చి, ఆ వరస చూసుకుంటూ పోయి, నచ్చిన మనిషి దగ్గర ఆగేవాడు. ఆమె సరేనంటే అధికారి రిజిస్టర్లో రాసుకునేవాడు. ఆమె కాదనవచ్చు కూడా. జైలు తలుపు దాటడానికి ఉన్న ముఖ్యమైన దారి అదే అయినప్పుడు ఆ కాదనడానికి ఎంత విలువుందో వేరే చెప్పక్కర్లేదు.

మధ్యవర్తి లేడు, మేనత్త లేదు, జాతకం లేదు. అతను అవధ్‌వాడు కావచ్చు, ఆమె మద్రాసు రాజధానినుంచి వచ్చినది కావచ్చు. మతం, కులం కలిసేలా చూడాలని అధికారులకు ఉన్నా, ఆచరణలో అది ఎక్కువ దూరం సాగలేదు. ఆ దంపతుల పిల్లల్ని 'లోకల్ బార్న్' అన్నారు. వాళ్ల ఇంటి భాష హిందుస్తానీ అయింది. దక్షిణ అండమాన్‌లో ఫెరార్‌గంజ్ తహసీలు ఊళ్లు చాలావరకు ఇలాంటి మనుషుల మీదే లేచాయి. ఆ పేరు కూడా 1923 నుంచి 1931 దాకా చీఫ్ కమిషనర్‌గా ఉన్న ఫెరార్‌దే. ఉత్తర భారతం నుంచి వచ్చిన భాంతూలు, 1921 తిరుగుబాటు తర్వాత మలబారు నుంచి తెచ్చిన మాప్పిళ్లలు, చోటానాగపూర్ నుంచి కూలికి వచ్చి 'రాంచీవాళ్లు' అనిపించుకున్న ఆదివాసులు, 1949 నుంచి దిగిన బెంగాలీ శరణార్థులు, ఆ తర్వాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఓడెక్కిన మనవాళ్లు, అందరూ ఒకే బస్సులో కూర్చునే చోటు అది. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల జనం 3 లక్షల 80 వేలు. అందులో తెలుగు మాతృభాషగా రాసుకున్నవాళ్లు సుమారు 13 శాతం.

ఆ తహసీల్లోదే తుష్నాబాద్. అటు వెళ్లే బస్సులో జంగ్లీఘాట్ నుంచి చేపల బేరం ముగించుకుని వస్తున్న ఇద్దరు ఆడవాళ్లు, ముందు సీట్లో కూర్చున్న ఒక జంట గురించి గొంతు తగ్గించి ఇలా మాట్లాడుకున్నారు:

"ఆలిద్దరూ మొగుడూ పెళ్లాలంటావేటే?"

"అవునేటో. గాజులు సూడు."

"ఆడు బర్మావోడిలాగున్నాడప్పా. పిల్లేమో మనోళ్ల మాదిరుంది. ఆడి భుజం దాటేసింది."

"మనోళ్లని ఎలగ సెప్తావు? రాంచీవోళ్లూ అలగే ఉంటారు."

అక్కడితో మాట ఆగిపోయింది. రెండు నిమిషాల తర్వాత వైజాగ్ ఓడ ఎప్పుడొస్తుందన్న దాని మీదికి మళ్లింది. ఇదే జంట శ్రీకాకుళం నుంచి టెక్కలి వెళ్లే బస్సులో కూర్చుని ఉంటే సంగతి అంత తేలిగ్గా తెమిలేది కాదు. ఇంటిపేరు, ఊరు, ఎవరి తాలూకు, ఎంతకు ముట్టింది, ఏ లోపానికి ఒప్పుకున్నారు అన్నంతవరకూ వెళ్లేది. తుష్నాబాద్ బస్సులో ఆ ఆడవాళ్లకు ఆసక్తి తక్కువేం కాదు. చేతిలో తూకపురాళ్లు లేవంతే. ముఖం చూసి ఊరు చెప్పలేరు, రంగు చూసి కులం చెప్పలేరు, మాట విని కూడా చెప్పలేరు, ఎందుకంటే అందరూ బయట హిందీలోనే మాట్లాడతారు.

నలుగురిలో ఒక జంటను చూసి "జోడు కుదర్లేదు" అనడానికి ముందు తూకపురాళ్లు కావాలన్న మాట. మన దగ్గర ఉన్నవి అందరికీ తెలిసినవే: ఈడు, ఎత్తు, రంగు, ఒళ్లు. పైకి కనబడేవి ఇవి. వీటి అడుగున కులం, ఆస్తి, ఉద్యోగం ఉంటాయి. నల్లటి మొగుడు, తెల్లటి పెళ్లాం కనబడితే 'కాకి ముక్కుకి దొండపండు' అని మూతి తిప్పడం మనకు ఎప్పటినుంచో ఉంది. అబ్బాయి తెల్లగా ఉండి అమ్మాయి చామనఛాయ అయితే 'పాపం ఆ అబ్బాయి' అంటారు. వెనకే 'కట్నం బాగా ఇచ్చుంటారు' అనే వాక్యం వస్తుంది. మొదటి సందర్భంలో ఆమె తరపున జాలి, రెండో సందర్భంలో ఆమె మీదే అనుమానం. రెండు చోట్లా లెక్క ఒకటే: ఎవరు ఏమిచ్చి ఎవరిని కొనుక్కున్నారు?

మన పెళ్లిపందిరిని కాస్త దగ్గరగా చూడండి. జీలకర్ర బెల్లం పెట్టేదాకా వధూవరుల మధ్య తెరసెల్లా పట్టుకుంటారు. ఒకరినొకరు చూసుకోకూడదని. ఆ తెరకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరినీ పందిట్లోవాళ్లందరూ నిక్షేపంగా చూస్తూనే ఉంటారు. జంట కుదిరిందో లేదో ఆ ఇద్దరికంటే ముందే మొదటి వరస కుర్చీలకు తెలిసిపోతుంది. ఇక రిసెప్షన్‌లో ఫోటోగ్రాఫర్ పని వేరే. అమ్మాయి పొట్టిగా ఉంటే చీర కుచ్చిళ్ల కింద చిన్న పీట వేయిస్తాడు. అబ్బాయి పొట్టయితే అమ్మాయిని చెప్పులు విప్పేయమంటాడు, లేదా ఇద్దరినీ సోఫాలో కూర్చోబెట్టేస్తాడు. నేను చూసిన ఒక పెళ్లిలో అయితే పీట మరీ ఎత్తయి, పెళ్లికూతురు పెళ్లికొడుకు భుజం పట్టుకుని గంటసేపు నిలబడింది. ఆల్బంలో అది అనురాగంలా పడింది.

చూసేవాళ్ల నవ్వు ఎంత బరువైనదో కాళిదాసుకు తెలుసు. కుమారసంభవం అయిదో సర్గలో తపస్సు చేస్తున్న పార్వతి దగ్గరికి శివుడే బ్రహ్మచారి వేషంలో వచ్చి శివుణ్ని తిడతాడు. అతని వాదనంతా వేషభాషల మీదే నడుస్తుంది. పెళ్లి పట్టుబట్ట, నెత్తురోడే ఏనుగుతోలు పక్కపక్కన ఎలా ఉంటాయంటాడు. రాజుగారి కూతురు ముసలెద్దు మీద ఊరేగితే పెద్దమనుషులు నవ్వరా అంటాడు. పార్వతిని వెనక్కు లాగడానికి వాడుకున్న గట్టి ఆయుధాల్లో ఊరి నవ్వు ఒకటి. ఆమె కోపంగా జవాబు చెబుతుంది, వాదన అక్కర్లేదని తేల్చేస్తుంది. ఆ ధైర్యం అందరికీ ఉండదు కాబట్టే ఫోటోగ్రాఫర్ దగ్గర పీట ఉంటుంది.

ఈ చూపును పరిశోధకులు కూడా కొలిచారు. 1966లో అచ్చయిన ఒక పరిశోధన కోసం అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన 752 మంది విద్యార్థులకు ఒక డాన్స్ పెట్టారు. మీ ఇష్టాయిష్టాలు చూసి కంప్యూటర్ జోడీ కుదిర్చిందని చెప్పారు. నిజానికి ఎవరికి ఎవరన్నది చీటీలు తీసినట్టే. టికెట్లు ఇచ్చేవాళ్లు మాత్రం చాటుగా ఒక్కొక్కరి అందానికి మార్కులు వేశారు. తమ అందానికి తగ్గ మనిషినే ఎవరైనా కోరుకుంటారని ఎలేన్ వాల్‌స్టర్, ఆమె సహచరులు ఊహించారు. ఊహ తప్పింది. ఎవరెలా ఉన్నా అందరూ అందమైన జోడీనే మళ్లీ కలవాలనుకున్నారు. 1972లో బెర్నార్డ్ మర్‌స్టీన్ నిజమైన జంటల ఫోటోలు తీసుకుని చూస్తే, యాదృచ్ఛికంగా కలిపిన జంటల కంటే వాళ్ల అందాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. అంటే కోరుకోవడం ఒక తీరు, చివరికి కుదిరేది ఇంకో తీరు. సంబంధాలు వెతికిన ఏ తండ్రిని అడిగినా ఇది చెబుతాడు.

నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా తోచేది 1976లో డేనియల్ బార్‌టాల్, లియొనార్డ్ సాక్స్ చేసింది. మొగుడూపెళ్లాలని చెప్పి ఇద్దరిద్దరి ఫోటోలు చూపించి, వాళ్ల గురించి ఏమనుకుంటున్నారో అడిగారు. అందంగా లేని మగవాడి పక్కన అందమైన భార్య ఉంటే, అతనికి ఆదాయం, హోదా, వృత్తిలో విజయం అందరికంటే ఎక్కువ ఉంటాయని జనం అంచనా వేశారు. అందంగా లేని ఆడమనిషి పక్కన అందమైన మొగుడు ఉంటే మాత్రం ఆమెకు అలాంటి మార్కులేమీ పడలేదు. మనం ఇంట్లో వినే మాటకు ఇది అచ్చంగా సరిపోతుంది. 'అబ్బాయి కాస్త నలుపే గానీ గవర్నమెంటు ఉద్యోగం.' ఈ వాక్యాన్ని ఆడపిల్ల మీదికి తిప్పి ఎవరైనా అనగా విన్నారా? 'అమ్మాయి అంత బాగుండదు గానీ కాలేజీ లెక్చరర్, అందుకే అబ్బాయి ఎగబడి చేసుకున్నాడు' అని? నేను వినలేదు.

ఇదే తేడా వయసు దగ్గరా కనబడుతుంది. ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ కంటే ఆయన భార్య బ్రిజిట్ సుమారు 24 ఏళ్లు పెద్ద. డొనాల్డ్ ట్రంప్ తన భార్య మెలానియా కంటే అంతే పెద్ద. మొదటి జంట వయసు మీద ప్రపంచం ఇన్నేళ్లుగా గుసగుసలాడుతూనే ఉంది, రెండో జంట విషయంలో ఆ తేడా మామూలైపోయింది. మన దగ్గర మహేశ్‌బాబు 2005లో తనకంటే మూడేళ్లు పెద్దయిన నమ్రతను చేసుకున్నాడు. మూడేళ్లంటే ఎంతని, అయినా ఆ సంగతి ఇప్పటికీ ఒక విశేషంలాగే చెప్పుకుంటారు.

తెర మీద మాత్రం మనకు ఏ తూకపురాయీ అక్కర్లేదు. 1972లో వచ్చిన 'బడిపంతులు'లో శ్రీదేవి ఎన్టీఆర్‌కు మనవరాలు. 1979లో 'వేటగాడు'లో అదే ఎన్టీఆర్ పక్కన కథానాయిక. ఆయన పుట్టింది 1923లో, ఆమె 1963లో. నలభై ఏళ్ల తేడా. హాళ్లు నిండాయి, ఈలలు మోగాయి, ఆ జంటను జనం కోరి కోరి చూశారు. ఇప్పుడు అరవై దాటిన హీరో ముప్పై నిండిన అమ్మాయితో వేసే స్టెప్పుల మీద సోషల్ మీడియాలో కాస్త గొడవ నడుస్తోంది, మంచిదే. అయినా టికెట్లు తెగుతూనే ఉన్నాయి. కంటికి అలవాటైనది కంటికి ఆనుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, రాకపోతే చదివేవాళ్లు మర్యాదస్తులనుకోవాలి. జోడు కుదరలేదని గొంతెత్తడం వల్లే కదా మనకు సంస్కరణ వచ్చింది? అరవై ఏళ్ల ముసలాడికి ఎనిమిదేళ్ల పిల్లను కట్టబెడుతుంటే, 'ఎవరి ఇష్టం వాళ్లది, మనకెందుకు' అని ఊరుకోవాలా?

గురజాడను తెరిచి చూస్తే సంగతి తిరగబడుతుంది. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో తిరగరాసి వేశారు. అగ్నిహోత్రావధాన్లు చిన్నపిల్ల సుబ్బిని డబ్బుకు లుబ్ధావధాన్లకు ఇవ్వబోవడం అందరికీ తెలిసిన కథ. ఆ పెళ్లిని చూసే ఊరుని గమనించండి. దాన్ని చూసి ముక్కున వేలేసుకున్నవాళ్లు ఎందరు? పెళ్లిభోజనానికి కూర్చునేవాళ్లే ఎక్కువ. ముసలి వరుడూ పసి వధువూ ఆ రోజుల్లో కంటికి వింత జంట కాదు. అలాంటి పెళ్లిళ్లు నిత్యం జరిగేవి. మొదటి ముద్రణకు రాసిన ముందుమాటలో గురజాడ ఒక లెక్క ఇచ్చాడు. విజయనగరం మహారాజు విశాఖ జిల్లాలో మూడేళ్ల కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా రాయిస్తే 1034 తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది. ఏడాది నిండిన పసిపిల్లలు ముగ్గురు. ఊళ్లకు కనబడనిది జాబితాకు కనబడింది. ఎన్నో వేల మంది పెళ్లిపందిట్లో కూర్చుని చూసినా తెలియని అన్యాయం, కాగితం మీద వయసులు వరసగా రాస్తే బయటపడింది.

నా వాదమంతా ఇదే. చూపుకు తెలిసేది అన్యాయం కాదు, అలవాటు తప్పడం. అలవాటులో ఉన్న ఘోరం దాని ముందు నుంచి దర్జాగా నడిచిపోతుంది. ఎవరికీ హాని లేని జంట ఎత్తు తేడా దగ్గర మాత్రం పట్టుబడుతుంది. 1929లో శారదా చట్టం చేసి, 1930 ఏప్రిల్ నుంచి అమలు చేసినప్పుడు అది కొలిచింది ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 అనే వయసుల్ని. పక్కపక్కన నిలబెడితే ఎలా ఉంటారన్నది దానికి అక్కర్లేదు. సుబ్బికి జరగబోయిన అన్యాయం ఆ ముసలివాడి నెరిసిన జుట్టులో లేదు. ఆమెను ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పే వయసు ఆమెకు లేదు. అడిగారా, చెప్పగలదా అన్న ఈ రెండూ బస్సులో వెనక సీట్లోంచి కనబడవు.

సౌత్ పాయింట్ జైలు వరసలో కుదిరిన జంటలకూ ఇదే వర్తిస్తుంది. ఆ పెళ్లిళ్లలో కులాలు కలవలేదు, భాషలు కలవలేదు. వాటిని తలుచుకుని ఇప్పుడు మనం అండమాన్‌ను 'మినీ ఇండియా' అని మురిసిపోతాం. అందులో చూడాల్సిన చిక్కు వేరే చోట ఉంది. వరసలో నిలబడ్డ ఆడమనిషి వెనక జైలు గోడ ఉంది.

కులాంతర, మతాంతర జంటల దగ్గరికి వస్తే చూపు ఇంకో రకంగా మోసపోతుంది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఆస్పత్రి నుంచి బయటికి వస్తున్న యువకుణ్ని గర్భిణి అయిన భార్య పక్కనే నరికి చంపారు. 2022 మే నెలలో సరూర్‌నగర్‌లో మతాంతర వివాహం చేసుకున్న యువకుణ్ని నడిరోడ్డు మీద భార్య కళ్లెదుటే చంపారు. ఆ రెండు జంటల్లో ఏ జంటను బస్సులో చూసినా చూడముచ్చటగా ఉన్నారనే అనుకునేవాళ్లం. ఈడు కుదిరింది, జోడు కుదిరింది. కుదరనిది కంటికి కనబడని చోట ఉంది. వీధి మొత్తం చూసి మెచ్చుకున్న జంటను, ఇంట్లో లెక్కలు చూసుకునేవాళ్లు ఒప్పుకోలేదు. దేశంలో కులాంతర వివాహాలు నూటికి అయిదు చొప్పున మాత్రమే ఉన్నాయని 2011-12 మానవాభివృద్ధి సర్వే చెబుతుంది. మనం రోడ్డు మీద చూసి నవ్వుకునే 'కుదరని' జంటల్లో చాలావాటికి కులం, గోత్రం, కట్నం అన్నీ పక్కాగా కుదిరే ఉంటాయి.

వైకల్యం ఉన్నవాళ్ల సంగతి మన చర్చల్లో ఎప్పుడూ చివరికి నెట్టబడుతుంది. చక్రాల కుర్చీలో ఉన్న భార్యను తోసుకెళ్లే మొగుణ్ని చూసి జనం దణ్ణం పెట్టినంత పని చేస్తారు. ఆయన దేవుడు, ఆమె భారం. ఆమె ఉద్యోగం చేసి ఇల్లు నడుపుతోందేమో, తోసే మనిషి ఇంటి పట్టున ఉంటున్నాడేమో ఎవరికీ తట్టదు. ఇక్కడ నవ్వు లేదు, పొగడ్తే. అయినా లెక్క మాత్రం అదే.

అండమాన్‌లో తూకపురాళ్లు బొత్తిగా లేవని నేననడం లేదు. అక్కడివి వేరు. 1942లో జపాన్ ఆక్రమణకు ముందే స్థిరపడినవాళ్లు 'ప్రీ-42' అనిపించుకుంటారు. తర్వాత ప్రభుత్వం తెచ్చి భూమి ఇచ్చినవాళ్లు సెట్లర్లు. సొంత ఖర్చుతో ఓడెక్కి వచ్చినవాళ్లు వేరే. ఉద్యోగం, సీటు, భూమి పంచుకునే దగ్గర ఎవరు ఎప్పుడు దిగారన్నది బాగా పనికొస్తుంది, పెళ్లి మాటల్లోకీ వస్తుంది. మన తెలుగు కుటుంబాలు చాలావరకు సంబంధాలకు ఇప్పటికీ సముద్రం దాటి ఉత్తరాంధ్ర వైపే చూస్తాయి. కొత్త కోడలు మూడు రోజులు ఓడలో వచ్చి దిగితే, ఆమెను చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగులో ఒక బెంగాలీ పిన్నీ, ఒక మాప్పిళ్ల అత్తా ఉంటారు. వాళ్లు కూడా రంగు చూస్తారు. రంగు పిచ్చి హిందుస్తానీలోకి కూడా ఏ తరుగూ లేకుండా దిగింది. 2020లో షాదీ డాట్ కామ్ ఒంటిరంగు ఫిల్టర్ తీసేసింది, ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. ట్యూబు మాత్రం తుష్నాబాద్ కొట్లో కూడా దొరుకుతుంది.

ఇంతకీ కాలం గడిచేకొద్దీ ఈ చూపు ఎలా సడలుతుంది? 2015లో లూసీ హంట్, పాల్ ఈస్ట్‌విక్, ఎలై ఫింకెల్ 167 జంటల్ని పరిశీలించారు. పరిచయమైన కొద్దికాలానికే జత కట్టినవాళ్లలో ఇద్దరి అందాలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ముందు చాలాకాలం స్నేహితులుగా, తోటి ఉద్యోగులుగా ఉండి తర్వాత జతైనవాళ్లలో అందాలకు పెద్దగా పొంతన లేదు. పొంతన ఉన్నా లేకపోయినా సంతోషంలో తేడా కనబడలేదు. పెళ్లిచూపుల గంటలో మనిషిని కొలవమంటే ముఖమే కొలుస్తాం, నాలుగేళ్లు ఒకే ఆఫీసులో పనిచేస్తే ముఖం లెక్కలోంచి జారిపోతుంది. అయితే బస్సులో వెనక కూర్చున్నవాళ్లకు ఆ నాలుగేళ్లూ ఉండవు. ముఖం చూసి ఒక అభిప్రాయానికి రావడానికి సెకనులో పదోవంతు చాలని జానిన్ విల్లిస్, అలెగ్జాండర్ తొదొరోవ్ 2006లో చూపించారు. ఆ పదోవంతును ఎవరూ ఆపలేరు, ఆపాలని కూడా నేను చెప్పను. తర్వాత ఏం చేస్తామన్నదే మన చేతిలో ఉంది. ఫోన్ తీసి ఫోటో కొట్టి గ్రూపులో పెట్టడం, పార్కులో ఆపి 'మీరిద్దరూ ఏమవుతారు' అని అడగడం, లాడ్జిలో రెండు ఆధార్ కార్డుల్లో పేర్లు, ఇంటిపేర్లు పోల్చి చూసి గది లేదనడం. చివరిదానికి ఏ చట్టం ఆధారమూ లేదు, అయినా రిసెప్షన్ కుర్రాడు ఓనరు చెప్పాడంటాడు.

చట్టం సైతం ఒక చోట జనానికి చూడమని తలుపు తీసి పెట్టింది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రార్ ఆఫీసులో నోటీసు ఇస్తే, దాన్ని అందరికీ కనబడే చోట అతికించాలి. ముప్పై రోజుల లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. వయసు చాలలేదని, ఇదివరకే పెళ్లయిందని, నిషిద్ధ వరసలని, సమ్మతి ఇవ్వలేని మానసిక స్థితి అని, అంతవరకే. ఆ గోడ దగ్గర నిలబడి చదివేవాళ్లలో అందుకోసం వచ్చేవాళ్లు తక్కువ. పేర్లు, అడ్రసులు చూసుకుని ఇళ్లకు ఫోన్లు చేసేవాళ్లు ఎక్కువ. 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు, వయసొచ్చిన ఇద్దరి పెళ్లిలో ఖాప్ పంచాయతీలకు, బయటివాళ్లకు జోక్యం చేసుకునే హక్కు లేదంది, జిల్లాల్లో ఇలాంటి జంటలకు రక్షణ గృహాలు పెట్టమంది. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు ఆ నోటీసు అతికించాలా వద్దా అన్నది జంట ఇష్టమని చెప్పింది. ఇంటివాళ్లకు తెలిస్తే ప్రాణానికే ముప్పున్న జంటకు ఆ ముప్పై రోజులు ఎంత పొడవో మిర్యాలగూడ తర్వాత కూడా మనం విడమరిచి చెప్పుకోవాల్సి రావడం విచిత్రం. వయసు, ముందు పెళ్లి సంగతి అధికారే రికార్డులు తిప్పి తేల్చుకోవచ్చు. దానికి గోడ అక్కర్లేదు.